వంశాన్వేషణమునకు స్థానికాధారములు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు

రాజవంశముల క్రమమును నిర్ణయించుట మన పండితులకు నూఱేండ్లకుఁ బైఁబడి యలవాటైన పని. శాసనమునందలి పేర్లను గావ్యమునందలి పేర్లతోఁ బోల్చి, శకవర్షములను గణించి, తండ్రి యెవఁడు, కొడుకెవఁడు అని తేల్చుటలో వారు చూపిన శ్రద్ధ కొనియాడఁదగినది. కాని రాజు కానివాఁడు, సామంతుఁడు కానివాఁడు, తన పూర్వికులెవరో యెఱుఁగఁగోరినచో నతనికి మార్గము చూపు గ్రంథములు మన భాషలో మిక్కిలి తక్కువ. సామాన్యునకు వంశమున్నది, చరిత్రము లేదని తలఁచుటచేతనే యీ కొఱత కలిగినది. ఈ తలంపు సరియైనది కాదని చూపుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము. పరిశీలనకుఁ జేకొన్న ప్రదేశము పూర్వపు ఎలగందుల జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు, జగిత్యాల తాలూకాలోనిదైన కోరుట్ల పట్టణము. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగరము జిల్లా యయ్యెను. 2016 అక్టోబరు 11వ తేదీ నుండి జగిత్యాల యొక జిల్లాగను, రాజన్న సిరిసిల్ల వేఱొక జిల్లాగను ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోఁ జేరినది. వెదకువాఁడు మొదట నీ మాఱిన సరిహద్దులను గుఱుతుంచుకొనవలెను. తాత పుట్టిన జిల్లా పేరు మనుమని నాఁటికి మాఱిపోయిన దేశమిది.

ఈ విషయమున ఐర్లండు దేశీయుల యనుభవము మనకుఁ బాఠముగ నున్నది. ఆ దేశమున 1845 మొదలు 1852 వఱకు సాగిన మహాక్షామమున ఇంచుమించు పది లక్షల జనులు చనిపోయిరి. మఱి పది లక్షలకుఁ దక్కువ కాని జనులు ఓడలెక్కి అమెరికా మొదలగు దేశములకుఁ బోయిరి. అట్లు పోయినవారి మునిమనుమలు నేఁడు తమ పూర్వికుల యూరిని వెదకుచున్నారు. వారికి ఎదురైన విఘ్నము సామాన్యమైనది కాదు. 1922 జూను 30వ తేదీని, అంతర్యుద్ధము జరుగుచుండఁగా, డబ్లిన్ నగరమునందలి ప్రభుత్వ దస్తావేజుల భాండాగారము కాలిపోయెను. 1821, 1831, 1841, 1851 సంవత్సరముల జనాభా లెక్కల మూలపత్రములు కొన్ని తునుకలు దక్క అందు భస్మమయ్యెను. 1861, 1871 సంవత్సరముల పత్రములను ప్రభుత్వమే యంతకు మున్ను నాశము చేసియుండెను. 1881, 1891 పత్రములు మొదటి ప్రపంచ యుద్ధ కాలమునఁ గాగితపు గుజ్జుగా మార్పఁబడెను. సంపూర్ణముగ మిగిలిన పాతలెక్కలు 1901, 1911 సంవత్సరములవి మాత్రమే.

అయినను ఆ దేశపు శోధకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చర్చికి చెల్లింపవలసిన దశమభాగమునకై 1823 తరువాత వ్రాసిన పట్టికలు వారికి దొరకెను. 1847, 1864 సంవత్సరముల నడుమ రిచర్డు గ్రిఫిత్ అను నధికారి జరిపించిన భూమిమూల్య నిర్ణయ పుస్తకములు దొరకెను. ఊరి చర్చిలలోని నామకరణ, వివాహ పుస్తకములు దొరకెను. జనాభా లెక్క పోయినచోటఁ బన్నుల పుస్తకము, అది చాలనిచోటఁ జర్చి పుస్తకము సాక్ష్యమిచ్చినవి. వంశచరిత్రము కొఱకు వ్రాయఁబడని పత్రమే వంశచరిత్రమునకు మేలైన యాధారమగుట యిందలి విశేషము. పన్ను వసూలు చేయువానికి ఎవ్వని పూర్వికులనైనను గొప్ప చేయవలసిన పని లేదు గదా.

మఱియొక సామ్యము వ్యాకరణ విద్యార్థులకుఁ బ్రీతికరమైనది. ఐరిష్ ఇంటిపేళ్ల ముందుండు 'మాక్' అను మాటకుఁ గొడుకని యర్థము. 'ఓ' అను మాటకు మొదట మనుమఁడని, తరువాత సంతతివాఁడని యర్థము. పాణిని మహర్షి యష్టాధ్యాయి నాలవ యధ్యాయమున, అపత్యార్థక ప్రత్యయముల ప్రకరణమున, మనుమఁడు మొదలైన సంతతికి గోత్రమని సంజ్ఞ చేసెను. గర్గుని కొడుకు గార్గి. మనుమఁడు మొదలుకొని గార్గ్యుఁడు. వంశమునఁ బెద్దవాఁడు జీవించియుండఁగా నాలవ తరమువాఁడు గార్గ్యాయణుఁడు. కొడుకును వంశనామముచేఁ గాక తండ్రి పేరుచే నెఱిఁగించి, మనుమని నుండి వంశనామమును నిలుపుట యీ రెండు దూరదేశములందును గానవచ్చుచున్నది. తండ్రిని జూచినవారు ఊరిలో నుందురు. తాతను జూచినవారు తఱుగుదురు. ప్రత్యక్షజ్ఞానము సన్నగిల్లు చోటనే వంశనామమున కక్కఱ కలుగును.

ఇచట నొక భేదము గుర్తింపవలెను. పాణినీయ గోత్రము వేఱు, ధర్మశాస్త్రమునందలి గోత్రము వేఱు. రెండవది ఋషిమూలమైన విభాగము. అది వివాహనిర్ణయమునకుఁ జాలును గాని వంశాన్వేషణమునకుఁ జాలదు. శ్రీవత్సగోత్రుఁడనినచో వేలకొలఁది కుటుంబములలో నెవ్వఁడైనను గావచ్చును. మన దేశమునఁ గుటుంబమును గుఱుతుపట్టించునవి ఇంటిపేరు, దానితోఁ గూడిన యూరి పేరు. ఇంటిపేళ్లలోఁ బెక్కులు పూర్వికులు విడిచివచ్చిన యూళ్ల పేర్లే. కావున ఐరిష్‌వాఁడు 'ఏ పల్లె?' అని మొదలిడునట్లే మనవాఁడును 'ఏ యూరు?' అని మొదలిడవలెను. శ్రాద్ధకర్మ మనకుఁ దండ్రి, తాత, ముత్తాత యను మూఁడు తరముల పేర్లను, తల్లివైపువారి పేర్లను గూడ, గుఱుతుంచును. అంతకుఁ బైవారిని జేరవలెనన్న నాధారము కావలెను. ఈ ప్రాంతమున నాధారములు మూఁడు విధములు: శిల, కాగితము, వాక్కు.

శిలాధారములు

శిల యెట్టి సాక్ష్యమియ్యఁగలదో తెలియుటకుఁ గుర్క్యాల శాసనమునకు మించిన యుదాహరణము లేదు. కరీంనగరము నుండి జగిత్యాలకుఁ బోవు మార్గమునఁ గల గంగాధర మండలములోని కుర్క్యాల గ్రామమున, బొమ్మలగుట్టపై, జినమూర్తుల క్రింద నీ శాసనము చెక్కఁబడియున్నది. కాలము ఇంచుమించు క్రీ. శ. 945. వేములవాడ చాళుక్యుఁడైన రెండవ అరికేసరి యాస్థానకవియు, కన్నడ భాషయం దాదికవి యని కీర్తి గొన్నవాఁడు నగు పంపకవికిఁ దమ్ముఁడైన జినవల్లభుఁడు దీనిని జెక్కించెను. సంస్కృత, కన్నడ, తెలుఁగు భాషలు మూఁడును ఇందున్నవి. తెలుఁగు భాగమునందలి మూఁడు కందపద్యములు నన్నయకు నూఱేండ్ల ముందటివగుటచే సాహిత్యచరిత్రకారులు దీనిని మిక్కిలి యాదరించిరి. మనకుఁ గావలసినది వేఱొక యంశము. ఒక కుటుంబము తన్నుఁ దాను వర్ణించుకొన్న తీరు ఇందుఁ గలదు.

జినవల్లభుఁడు తన కుటుంబమును వేంగినాటి వంగిపఱ్ఱునకుఁ జెందిన కమ్మె బ్రాహ్మణులదిగను, శ్రీవత్సగోత్రము దిగను జెప్పుకొన్నాఁడు. అభిమానచంద్రుఁడను పూర్వికునిఁ బేర్కొన్నాఁడు. తండ్రి భీమపయ్య. తల్లి అబ్బణబ్బె, ఆమె బెళ్వొల దేశమునందలి అణ్ణిగెరెకుఁ జెందిన జోయిస సింఘుని వంశమున నుదయించినది. తండ్రివైపు ఊరు తెలుఁగుదేశము తూర్పుతీరమున, తల్లివైపు ఊరు కర్ణాటమున, కొడుకులు నిలిచినది నేఁటి కరీంనగర ప్రాంతమున. ఒక్క రాతివలన మూఁడు దేశముల సంబంధము తెలిసినది. పంపకవి తన కావ్యములందుఁ బితృవంశమును మాధవసోమయాజి నుండి చెప్పుకొనెను. తండ్రిని అభిరామదేవరాయఁడనెను; అతఁడు బ్రాహ్మణుఁడై పుట్టియు జైనమతమును స్వీకరించెనని చెప్పెను. రాతిమీఁద భీమపయ్య, కావ్యమందు అభిరామదేవరాయఁడు! ఇరువురును వేఱని తొందరపడి చెప్పరాదు. ఇద్దఱన్నదమ్ములకుఁ దండ్రి యొక్కఁడే కావున నివి యొక్కని రెండు పేర్లు. ఇంటఁ బిలుచు పేరు రాతిమీఁద, బిరుదువంటి పేరు కావ్యమందు నిలిచినవి. వంశాన్వేషణము చేయువారికిఁ దఱచుగఁ దటస్థించు చిక్కు ఇదియే.

ఈ శాసనము వేఱొక చిక్కును దీర్చుటకును దోడ్పడును. అరికేసరి పంపకవికి ధర్మపుర మను నగ్రహారమిచ్చెను. గోదావరీతీరమున జగిత్యాల జిల్లాలో ధర్మపురి యను ప్రసిద్ధ క్షేత్రముండుటచే రెండును ఒకటే యని పేరునుబట్టి యెవరికైనను దోఁపవచ్చును. కాని శాసనము సబ్బినాటి నడుమ ధర్మపురమునకు ఉత్తరదిక్కున నీ గుట్ట యున్నదని చెప్పుచున్నది. గోదావరీతీర ధర్మపురి గుట్టకు ఉత్తరమున నున్నది. అనఁగా గుట్ట దానికి దక్షిణమున నున్నది. నామసామ్యము అనుకూలించినను దిక్కు అనుకూలింపకున్నది. పేరొక్కటే సాక్షిగ నూరిని నిర్ణయింపరాదని, దిక్కు, దూరము, నాడు పేరు, ఇవియన్నియుఁ గలిసి రావలెనని దీనివలన గ్రహింపవలెను.

సిరిసిల్లకు సమీపమునఁ గల వేములవాడ చాళుక్యుల వంశక్రమమును బండితులు వేములవాడ శాసనము, పంపభారతము, క్రీ. శ. 966 నాఁటి పర్భణి తామ్రపత్రములు మొదలగువానిని గలిపి చదివి కూర్చిరి. ఒక్కొక్క యాధారమున నొక్కొక్క కొఱత యుండును. పెక్కింటిని గలిపినఁ గొఱతలు కొంతవఱకుఁ దీఱును. జగిత్యాల చెంతనున్న పొలాస, పూర్వపు పొలవాస, మేడరాజు, గుండరాజు మొదలగు మండలాధిపతుల స్థానము. కాకతి రుద్రదేవుని హనుమకొండ శాసనము (శ. సం. 1084, క్రీ. శ. 1163) వీరి యోటమిని జెప్పుచున్నది. ఆ శాసనముననే హనుమకొండను ముట్టడించి మరలిపోయిన జగద్దేవుఁడు పేర్కొనఁబడెను. అతఁడు పరమార వంశీయుఁడని కొందఱును, పొలవాస వంశీయుఁడని కొందఱును వాదించిరి. ఒక్క కాలమున, ఇరుగుపొరుగు దేశములందు, ఒక్క పేరు గలవారిద్దఱుండుట రాజులయందే యింత చిక్కు పెట్టినచో, ఊరికిఁ బదుగురు మల్లయ్యలు, రాజయ్యలు ఉండెడి గ్రామములందు వెదకువాఁడెంత జాగ్రత్తతో నుండవలెను!

జగిత్యాల కోటలోఁ జారిత్రకసత్యమును, జనశ్రుతియు నెట్లు పెనవేసికొనునో చూడవచ్చును. ఈ కోట 1747లో జఫరుద్దౌలా కొఱకు ఫ్రెంచి శిల్పుల పర్యవేక్షణమునఁ గట్టఁబడెనని గెజిటీరు చెప్పుచున్నది. ఆ శిల్పుల పేర్లు జాకు, టాలు అనియు, వారి పేరనే జగిత్యాల యను పేరు పుట్టెననియు జనులు చెప్పుకొందురు. శబ్దశాస్త్రము తెలిసినవారికిఁ గథ పుట్టిన తెఱఁగు స్పష్టము: పేరును రెండుగ విఱిచి, విఱిగిన తునుకలకు మనుష్యులను గల్పించిరి. ఐనను ఆ కథలో విదేశీయశిల్పుల సంగతి నిలిచియున్నది. కుటుంబకథలును నిట్టివే. కథయందలి పేర్లు కల్పితములైనను, కథకు మూలమైన సంఘటనము సత్యము కావచ్చును. రెంటిని వేఱు చేయుటయే పరిశోధకుని పని.

ఇదే జిల్లాలోని కోటిలింగాలయందు దొరకిన నాణెములు శిలాలోహాధారముల హద్దును జూపుచున్నవి. గోభద, నారన, కంవాయ, సమగోప మొదలగు నామములు, శాతవాహన శ్రీముఖుని నామమును ఆ నాణెములమీఁదఁ గలవు. రెండువేల యేండ్లకుఁ బైఁబడిన పేర్లు దొరకినవి. కాని యెవఁడెవ్వని కొడుకో నాణెము చెప్పదు. పేరు దొరకుట వేఱు, సంబంధము దొరకుట వేఱు.

కాగితపుటాధారములు

శిలమీఁదికి నెక్కినవారు కొందఱే. కాగితమునకు నెక్కినవారు పెక్కుమంది. కోరుట్లకు నిందు ప్రత్యేకమైన స్థానమున్నది. ఇరువదవ శతాబ్దారంభమునందలి గెజిటీరు ఈ పట్టణమున బలువైన నాటుకాగితము తయారగుచుండెననియు, దానిని బట్వారీలు లెక్కపుస్తకములకు విశేషముగ వాడుచుండిరనియు వ్రాసెను. భూమిని దున్నినవాని పేరు, శిస్తు కట్టినవాని పేరు, ఒకఁడు చనిపోఁగా వాని వారసుని పేరు చేరిన పుస్తకములకుఁ గోరుట్ల పనివారి చేతిపని ఆలంబనమయ్యెను. వారి పేర్లు గెజిటీరునఁ గానరావు.

1865లో మొదటి సాలార్జంగు జిల్లాబందీ చేయించిన తరువాత నిజాము రాష్ట్రమున గ్రామలెక్కలు క్రమపడినవి. ఊరి లెక్కలు వ్రాయు పట్వారీ, శిస్తు వసూలు చూచు మాలీ పటేలు, శాంతిభద్రతలు చూచు పోలీసు పటేలు, వీరి పదవులు వంశపారంపర్యములు. వతనుదారుఁడు చనిపోయినపుడు విరాసతు నిర్ణయమునకు శజరా, అనఁగా వంశవృక్షము, దాఖలు చేయవలసియుండెడిది. ఇనాము భూముల విచారణయందును నంతే. ముంతఖబులందు హక్కుదారుల పేర్లు, భాగములు వ్రాయఁబడెడివి. శజరాయందు మూఁడు నాలుగు తరముల పేర్లు కొమ్మలు ఱెమ్మలతోఁ గానవచ్చును. కాని యిట్టి వంశవృక్షము హక్కును సాధించుటకు వ్రాసినది కావున, సంతతి లేని కొమ్మలు, తగవునకు వచ్చిన కొమ్మలు ఒక్కొకపు డందు విడువఁబడుట సహజము. ప్రతివాది దాఖలు చేసిన వృక్షమును గూడఁ జూచినఁగాని సత్యము తెలియదు.

భూమి గలవారికిని, దున్నువారికిని గొప్ప యాధారము 1954-55 నాఁటి ఖాస్రా పహాణీ. నిజాము పాలనము ముగిసి, 1950 నాఁటి కౌలుదారీ చట్టము వచ్చిన పిమ్మట, ఒక్కొక్క సర్వే నంబరునకుఁ బట్టాదారుఁడెవఁడు, అనుభవించువాఁడెవఁడు అని వేఱువేఱుగ నందు వ్రాసిరి. కావున భూమి లేని కౌలుదారుని పేరును నిందు దొరకవచ్చును. దానికి వెనుకటి సేత్వారుతో దీనిని బోల్చినచో నొక కుటుంబపు రెండు మూఁడు తరములు తేలును. వంశపారంపర్య గ్రామోద్యోగములు 1984లో రద్దయ్యెను. వారి స్థానమునఁ దరువాత వచ్చిన గ్రామ రెవిన్యూ అధికారుల పదవులు 2020లో రద్దయ్యెను. ఇట్టి మాఱుపు కలిగినపుడెల్లఁ బాత దస్త్రములు చేతులు మాఱును. చేతులు మాఱినపుడెల్లఁ గొన్ని పోవుచుండును. ఐర్లండున నగ్ని యొక్కనాఁడు చేసిన పనిని మన గ్రామములందుఁ జెదలు మెల్లమెల్లఁగఁ జేయుచున్నది.

ఈ పత్రములను జదువువారు రెండు విషయములు తెలిసియుండవలెను. మొదటిది కాలగణనము. ఇందలి సంవత్సరములు ఫసలీలు. 590 కలిపిన ఇంచుమించుగఁ గ్రీస్తు సంవత్సరము వచ్చును. ఫసలీ 1357 అనఁగా 1947-48. రెండవది లిపి. రాష్ట్రపు రాజభాష 1884 వఱకుఁ బారసీ, తరువాత ఉర్దూ. ఆ లిపియందు హ్రస్వాచ్చులు సాధారణముగ వ్రాయఁబడవు. ఎకార ఇకారములకు, ఒకార ఉకారములకు భేదము స్పష్టపడదు. ణకార ళకారములకు వేఱు గుఱుతులు లేవు. కోరుట్ల ఆంగ్లగ్రంథములందుఁ గోరట్ల యగుటయు, సిరిసిల్ల సిర్సిల్ల యగుటయు నిందువలననే కావచ్చును. ఊళ్ల పేళ్లకే యీ గతి పట్టఁగా, ఇంటిపేళ్ల మాట చెప్పనేల? కావున ఉర్దూపత్రమునఁ గన్న ఇంటిపేరును దెలుఁగున వ్రాయుటకు ముందు, అది యెన్ని విధములఁ జదువఁబడునో యన్ని విధములును వ్రాసికొని, ఊరిలో నే రూపము వాడుకయందుఁ గలదో విచారింపవలెను.

జనాభా లెక్కలు మనకు నీ పనికిఁ దోడుపడవు. హైదరాబాదు రాష్ట్రమున 1881 నుండి లెక్కలు తీయఁబడినవి గాని ముద్రితమైనవి మొత్తములే. కుటుంబముల పేర్లు గల పత్రములు ఐర్లండు 1901, 1911 పత్రములవలె లోకమునకుఁ దెఱువఁబడలేదు. కైఫీయతులును బ్రధానముగఁ గుంపిణీవారి జిల్లాలకుఁ జెందినవి. మన ప్రాంతమువారు కాశీ, గయ, నాసిక క్షేత్రములకుఁ బోయినపుడు అచటి తీర్థపురోహితుల బహీలందు వ్రాయించిన పేర్లు మాత్రము వెదకఁదగినవి.

వాగాధారములు

సిరిసిల్ల నేఁతకు బేరుగన్న పట్టణము. నేఁతగానికి దున్నుటకు భూమి లేకున్న, ఖాస్రాలో నతని పేరుండదు. గుడి కట్టింపఁడు గనుక శాసనమున నుండదు. ఐనను అతనికి వంశచరిత్రము గలదు. దానిని గాపాడినది కాగితము కాదు, వాక్కు. పద్మశాలీలకుఁ గూనపులివారు పటము వ్రేలఁగట్టి మార్కండేయ పురాణకథను, భావనారాయణుని కథను బాడి, గోత్రములను బఠింతురు. పద్మశాలీలకు నూటయొక్క గోత్రములని ప్రసిద్ధి. కాఁపులకుఁ బిచ్చకుంట్లవారు, ముదిరాజులకుఁ గాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు నిట్లే యాశ్రితులై యున్నారు. ఈ యాశ్రితులకు నూళ్లమీఁద మిరాసీహక్కు గలదు. ఏ కుటుంబము ఏ యూళ్లలో నడుగవలెనో వారు తమలోఁ దాము పంచుకొందురు. కావున మిరాసీ యూళ్ల జాబితా పోషకకులపు నివాసముల జాబితాయే యగుచున్నది. వారు వచ్చినపుడు ఇంటిలోఁ బుట్టినవారిని, చనిపోయినవారిని విచారించుటయుఁ గలదు. ప్రాచీనైర్లండున నిట్టి వంశకథకులు కులవృత్తిగ నుండెడివారు. వారిలో దుఆల్తాక్ మాక్ ఫిర్‌బిషి యనునతఁడు 1649-50 ప్రాంతమున వంశావళులన్నిటిని నొక మహాగ్రంథముగఁ గూర్చెను. అది నిలిచినది. తమ కులమునఁ బరంపరగ వచ్చిన విద్య నశించు కాలమున నతఁడు దానిని గాగితమున నిలిపెను. మన కూనపులివారి వాక్కును నట్లు నిలిపినవారు మిక్కిలి యరుదు.

వాక్కు ప్రమాణమగునా యని శాస్త్రజ్ఞులు ప్రశ్నింపవచ్చును. ఇందు మన వ్యాకరణ న్యాయమొకటి యుపకరించును. ఉత్సర్గముకంటె నపవాదము బలీయము, సామాన్యముకంటె విశేషము బలీయము. కులమంతయు మార్కండేయ మహర్షి సంతతి యనునది సామాన్యవాక్యము. అది యా కులముయొక్క గౌరవమును జెప్పును గాని యొక కుటుంబపు జాడ చెప్పదు. 'ఫలాని యింటివారు ఫలాని యూరినుండి కఱవు కాలమున వచ్చి యిచట మగ్గము నాటిరి' యనునది విశేషవాక్యము. దానిని గల్పించుటవలనఁ జెప్పువానికి లాభము లేదు. ఇట్టి విశేషవాక్యములనే యేఱి, కాగితముతోఁ బోల్చి చూడవలెను. ఏనుఁగులను వేలకొలఁదిగను, గుఱ్ఱములను గోట్లకొలఁదిగను జెప్పెడి శాసనప్రశస్తులను మనము తోసిపుచ్చక, యందలి దానవాక్యమును మాత్రము నమ్ముచున్నాము గదా. శిలకిచ్చిన న్యాయమునే వాక్కునకును నియ్యవలెను.

అన్వేషణక్రమము

సిరిసిల్లనుండి భీవండికో, షోలాపురమునకో మగ్గము పనికిఁ బోయిన యొకని మనుమఁడు తన మూలము వెదకుచు వచ్చెననుకొందము. అతఁడేమి చేయవలెను? మొదట నింటఁ బెద్దవారలు చెప్పిన పేర్లను వారి మాటలలోనే వ్రాసికొనవలెను. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టినిండ్ల యూళ్లను దప్పక చేర్పవలెను. పిమ్మట నింటిపేరు గల కుటుంబములు సిరిసిల్లలో నే పేఁటలో నున్నవో విచారింపవలెను. ఆ పేఁటకు మిరాసీ గల కూనపులివారెవరో కనుఁగొని, వారి నోట గోత్రమును, వలసవచ్చిన యూరిని వినవలెను. ఆ యూరిలో 1954-55 ఖాస్రాను, పాఠశాల ప్రవేశపుస్తకమును జూడవలెను. కుటుంబమున కొక తునుక భూమియైన నుండినచో శజరా వెదకవలెను. కడపట హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర దస్తావేజుల భాండాగారమునకుఁ బోవలెను. మొదటనే యచటికిఁ బోయినవాఁడు సముద్రమున సూదిని వెదకినవాఁడగును. ఊరు, ఇంటిపేరు, ఫసలీ, ఈ మూఁడును జేతఁబట్టుకొని పోయినవానికే యది ఫలమిచ్చును.

పోల్చునపుడు రెండు స్వతంత్రసాక్ష్యములు కలిసినఁగాని తండ్రికొడుకుల సంబంధమును స్థిరపఱుపరాదు. శజరాను జూచి వ్రాసిన వంశవృక్షమును, శజరాను రెండు సాక్ష్యములుగ లెక్కింపరాదు, అవి యొక్కటియే. కూనపులివారి వాక్కు, ఖాస్రాలోని పేరు ఒక్కమాటయైనచో నది బలమైన నిర్ణయము.

స్త్రీల పేర్ల విషయమొకటి చెప్పి ముగింతును. వేయేండ్ల క్రిందటి బొమ్మలగుట్ట శాసనమున అబ్బణబ్బె పేరును, ఆమె పుట్టినింటి యూరును జెక్కఁబడినవి. ఇరువదవ శతాబ్దపు శజరాలలోఁ దల్లుల పేర్లు తఱచుగ లేవు. మగసంతతియే కొమ్మలై యున్నది. పటకథలందు మూలపురుషుల భార్యల పేర్లుండును గాని యింటింటి తల్లుల పేర్లుండవు. జినవల్లభుఁడు తల్లి పేరు చెక్కింపనిచో, ఆ కుటుంబమునకు బెళ్వొల దేశముతోఁ గల సంబంధమే మనకుఁ దెలియకపోయెడిది. పంపకవి కన్నడమున నంతటి ప్రావీణ్యమెట్లు గడించెనను ప్రశ్నకు నొక యుపపత్తియే లోపించెడిది. తల్లి పేరు విడుచుట వంశమున సగమును విడుచుటయే యగును.

1935లో లక్ష్మణరాయ పరిశోధకమండలి తెలంగాణా శాసనములను బ్రకటించినపుడు ఊరూరఁ దిరిగి ప్రతులు తీసినవారిలోఁ జాలమంది ఉపాధ్యాయులు, గ్రామవాసులైన భాషాభిమానులు. 1974లోఁ గరీంనగరము జిల్లా శాసనసంపుటము వెలువడెను. శిలల పని యిట్లు చాలవఱకు జరిగినది. వాక్కుల పని జరుగలేదు. నేఁడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యూళ్లనుండి యువకులు గల్ఫు దేశములకుఁ బోవుచున్నారు. మిరాసీ పాటకులను బోషించు లోఁగిళ్లు మూతపడుచున్నవి. పాటకుల కొడుకులు వేఱు పనులలోఁ జేరుచున్నారు. పాఠశాలలందలి పండితులు తమ విద్యార్థులచే నొక్కొక్కరి యింటి నాలుగు తరముల పేర్లను, తల్లుల పేర్లతోను, వచ్చిన యూళ్లతోను, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీలతోను వ్రాయించి యొక పుస్తకమున భద్రపఱచినచో, దానికి వ్యయము లేదు, రాజాజ్ఞ యక్కఱలేదు. ఒక గంట వ్యాకరణపాఠమునకుఁ బట్టు కాలము చాలును. గార్గ్యుఁడు, గార్గ్యాయణుఁడు అని యుదాహరణములు చెప్పు పాఠమున, విద్యార్థి తన తాత పేరును జెప్పఁగలిగినచో నా సూత్రమునకు నంతకంటె మంచి యుదాహరణముండదు.